వట్టి నీళ్ల డబ్బా

అన్నూరులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి, ఒళ్లో రెండు డబ్బాలు పెట్టుకుని ఏడుస్తోంది. ముసలితనంలో అక్షరాలు నేర్చినదాన్ని, వాటి మీది తమిళం కూడబలుక్కుని చదివాను. ఒకదాని మీద నొచ్చి ఆకు, అంటే మన వావిలాకు, రసమనీ, రెండోదాని మీద వట్టి నీళ్లనీ ఉంది. రెండింట్లోనూ వంకాయ పురుగులు చచ్చి ఉన్నాయి.

"పురుగు సచ్చిందంటే పండగే కదా కన్నూ, ఏడుస్తావెందుకు?"

"నీళ్లు చల్లినవీ సచ్చినాయి అవ్వా. ఇంక నా ఆకే సంపిందని ఎట్ల చెప్పేది? కాలేజీలో ఇంకొక్కసారే చెయ్యనిస్తారంట. పురుగుల కోసరం పొద్దుట్నుంచి తిరిగినా, మా తోటలో పురుగే లేదంటారు అందరూ."

"ఉందంటే కాయ ఎవడు కొంటాడు!"

నా సంచి నిండా పుచ్చు వంకాయలే. ఏ మందుకూ చావని పురుగును మందుల కొట్టువాడి ముఖాన పడేద్దామని బయలుదేరాను. సంచి ఆమె ఒళ్లో పెట్టాను.

ఆమె ఒక కాయ చీల్చింది. పురుగు కదిలింది. గబుక్కున చున్నీ తీసి, ఎండ తగలకుండా సంచికి కప్పింది.

ఆ ఏడు మా తోట దక్కలేదు. ఆమె చదువు ఏమైందో తెలియదు. పురుగులు చావాలని రోజూ మొక్కినదాన్ని, ఆ రోజు గాంధీపురంలో బస్సు దిగేదాకా అవి బతకాలని మొక్కుకున్నాను.