చిలకమ్మ కిటికీలోని ఉల్లిగడ్డ

అమీర్‌పేట హాస్టల్లో వంటచేసే చిలకమ్మ ప్రతి ఉల్లిగడ్డనూ మెడ దగ్గర నొక్కి చూసిగాని కత్తిపీట మీద పెట్టదు. కిటికీలో ఉన్న ఒక్కదాన్ని మాత్రం కోయదు, రోజూ పొద్దున ఎండవైపు తిప్పుతుంది. అది ఊళ్లో వాళ్ల చేలో పండిన ఆఖరి పంటలోది. నిల్వలో మొలకెత్తకుండా కోతకు ముందు కొట్టే మందును సీసా మూతతో కొలవాల్సింది, భర్త నర్సింహులు గ్లాసుతో కొలిచాడు. మూడేళ్లయినా ఆ గడ్డ కుళ్లలేదు, మొలవలేదు. నిన్న పొద్దున హాస్టల్ పిల్ల ఫెయిత్ తెలియక ఆమ్లెట్ కోసం దాన్ని కోసింది. "అమ్మా, గిదేంది?" అని కెవ్వుమంది. లోపల పచ్చని మొలక, పైకి దారి దొరక్క, పొరల మధ్య చుట్టలు చుట్టుకుని వేళ్లవైపు పెరిగి ఉంది. చిలకమ్మ రెండు ముక్కలనూ కలిపి దారంతో కట్టి, మళ్లీ కిటికీలో పెట్టింది. "జర ఆగు బిడ్డా, తొవ్వ దొరుకుతది" అంది దానితో. సాయంత్రానికి దారం తెగి ఉంది.