‘ఇంకా తెల్వదు’ అని రాసిన పెట్టె

రుద్రారంలో జీవశాస్త్రం చెప్పిన మా మేడమ్ పోయిన మంగళవారం చనిపోయారు. డిగ్రీలో నాకు పాఠం చెప్పారు. రిపోర్టర్‌నయ్యాక సైన్సు వార్త ఏది రాసినా ముందు ఆమెకే ఫోన్ చేసేవాణ్ణి. ఒక్కసారి మాత్రం చేయలేదు.

ఆమె పని బర్రెల అండాశయాల మీద. కబేలా నుంచి ఐసు పెట్టెలో వాటిని తెచ్చి, గుడ్డు కణాల్లోని చిన్న ఆర్‌ఎన్‌ఏలను వేరు చేసేవారు. వీటి నుంచి ప్రొటీన్ తయారు కాదు. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో చూడటం వీటి పని. ల్యాబ్‌లో అడుగు పెడితే చాలు, తల ఎత్తకుండానే “గ్లౌజులు! నీ చెయ్యి తగిల్తే నా పని ఖతం” అనేవారు. మన చర్మం మీది ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తాయి.

“ఇదేం చేస్తుంది మేడమ్?” అని ఏదో గొట్టం చూపిస్తే, “ఇంకా తెల్వదు” అనేవారు. ఆ మాట అనేటప్పుడే ఆమె ముఖం వెలిగేది.

ఒక రకం చిన్న ఆర్‌ఎన్‌ఏలు తయారు కాకుండా చేసినా ఆడ ఎలుకలు పిల్లల్ని కంటాయి. ఎలుకల్లాంటివే అయినా ఆడ హామ్‌స్టర్లు మాత్రం కనలేవు. ఒక పరిశోధనలో తేలిన ఈ సంగతి చదివి, మేడమ్‌ను అడగకుండా వార్త రాశాను. ‘సంతానలేమికి కొత్త మందు’ అని అచ్చయింది.

వారం తర్వాత మేడమ్ నన్ను ల్యాబ్‌కు రమ్మన్నారు. ఇస్నాపూర్‌లో కిరాయికుంటూ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే ఒకామె నా వార్త కత్తిరింపు పట్టుకుని కూర్చుంది.

“కొత్త మందు వచ్చిందట గద అని పిల్లల కోసం డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు బంద్ చేసిన మేడమ్.”

మేడమ్ నా వైపు తిరిగారు. “మందు అని ఎవరు చెప్పిన్రు నీకు?”

“హెడ్డింగ్ డెస్క్‌లో పెట్టిన్రు మేడమ్.”

“పేరు నీదే ఉంది గద?”

మేడమ్ మళ్లీ ఆమె వైపు తిరిగారు. “సూడు బిడ్డా, మందు లేదు. మేం బర్రెలల్లనే ఇంకా ఎతుకుతున్నం. ఇయ్యాల్నే డాక్టరమ్మ దగ్గరికి పో. మీ ఆయనను గూడ టెస్టుకు తోల్కపో.”

“ఆయన వస్తడా మేడమ్! లోపం నాదే అంటడు.”

“బర్రె ఒక్కతే ఈనుతదా? దున్నపోతు ఒద్దా? గంత తెల్వదా ఆయనకు?”

ఆమె ఫక్కున నవ్వింది. మర్నాడు నా పేరుతోనే సవరణ వేయించాను.

మేడమ్ సంతాప సభకు ఆ ఇస్నాపూర్ ఆమె కూడా వచ్చింది. పిల్లల సంగతి అడగలేదు. గోలీల గురించే అడిగాను.

“అప్పుడే మళ్లీ మొదలుపెట్టిన సార్. ఇప్పుడు ఆయన గూడ వస్తుండు దవాఖానకు.”

సభ తర్వాత ల్యాబ్ తెరిచారు. ఫ్రీజర్‌లో ఒక పెట్టె మీద మేడమ్ చేతిరాత: ‘ఇంకా తెల్వదు’. తీసి చూడబోయి ఆగాను. బల్ల మీది గ్లౌజులు తొడుక్కున్నాను.