ఎర్ర సున్నాలో యాకయ్య

తొర్రూరుకు అవతల, చెరువు కింద ఉన్న ఊళ్లో సులోచన మిషన్ కుడుతుంది. చెరువు తెగిన పొద్దున డాబా ఎక్కి ఫోన్లో వీడియో తీసింది ఆమే. నిండిన చెరువును హనుమకొండలో ఉన్న చెల్లెలికి చూపిద్దామనుకుంది, అంతే. చెల్లెలు ఇంకెవరికో పంపింది. మధ్యాహ్నానికల్లా అది జిల్లా దాటిపోయింది.

అందులో ఉన్నది ఇంతే. కుండపోత వాన. గాలికి గొడుగు నిలవక ముడిచి పట్టుకుని కట్ట మీద నడిచిపోతున్న ఒక మనిషి. అతడు తూము దగ్గర వంగాడు. కాసేపటికి అతని కాళ్ల కింద మట్టి జారింది. ఆ తర్వాత ఎర్రటి నీళ్లు, “అయ్యో, అయ్యో” అంటున్న సులోచన గొంతు.

ఆ మనిషి యాకయ్య. ఊరి నీరటి. చెరువు నీళ్లు పొలాలకు వదలడం, ఆపడం తండ్రి నుంచి అతనికి వచ్చిన పని. తూము పక్కన నీరు ఊరుతోందని ఎవరో చెబితే చూద్దామని పోయాడు. వరద తీశాక కింది పొలాల్లో, తుమ్మచెట్టు మొదట్లో దొరికాడు. ఊరు ఊరంతా ఏడ్చింది.

ఆ ఏడుపు తడి ఇంకా ఆరకముందే భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. యాకయ్య కూతురు షారోన్. పెళ్లయి అక్కడి బొగ్గుబాయి క్వార్టర్లలో ఉంటోంది.

“అక్కా, నీ వీడియోల మా బాపు చుట్టు ఎర్ర సున్నా గీసిండ్రు. కట్ట ఆయిననే తెంపిండంటున్నరు. నువ్వన్న చెప్పక్కా!”

సులోచన వెతికి చూసింది. జనగామలో యూట్యూబ్ చానల్ నడిపే మహీధర్ అనే అతను ఆమె వీడియోను నిదానం చేసి, పెద్దది చేసి పెట్టాడు. ‘చేతిలో గడ్డపార చూడండి. వంగాడు, పొడిచాడు, కట్ట తెగింది. ఎగువన కొత్త ప్లాట్లు మునగకుండా అతన్ని ఎవరు పంపారు?’ అని అడుగుతున్నాడు. లక్షల మంది చూశారు.

సులోచన అతనికి ఫోన్ చేసింది. అతను మర్నాడే వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. చెప్పులు బయట విడిచి, చాయ్ తాగి, ఆమె చెప్పిందంతా ఓపిగ్గా రికార్డు చేసుకున్నాడు.

“గడ్డపార కాదు తమ్మీ, గొడుగు. నేను కండ్లార చూసిన.”

“వీడియోల గొడుగని తెలుస్తలేదు గదక్కా.”

“నీకు తెలుస్తలేదు. నాకు ఆయిన తెలుసు.”

“కండ్లు మోసం చేస్తయక్కా. వీడియో చెయ్యది.”

యాకయ్య మాట చెబుతూ ఆమె ఒకచోట ఆగి కళ్లు తుడుచుకుంది. కొత్త వీడియోలో ఆ ఆగిన చోటే ఉంది. మిగతాదంతా పోయింది. ‘కెమెరా ముందు తడబడిన మహిళ’ అని పేరు పెట్టాడు. సరిగ్గా ఆ సమయానికి ఈమె డాబా ఎందుకెక్కిందని కింద వందల మంది అడిగారు. ఈసారి ఎర్ర సున్నా ఆమె చుట్టూ పడింది.

జాకెట్ కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా చేతులు పైకెత్తి నిలబడి, “నిజం చెప్పు వదినా, ఏం జరిగింది?” అనేవారు. మొదట పూసగుచ్చినట్టు చెప్పేది. తర్వాత రెండు ముక్కల్లో చెప్పేది. పోనుపోను టేపు చూసి కొలత మాత్రమే చెప్పేది.

“తీసెయ్‌రాదే ఆ వీడియోను,” అన్నాడు భర్త మహేందర్, ఆమె అన్నం కెలుకుతుంటే చూడలేక.

“తీసేస్తే దాచిందంటరు. ఉంచితే సున్నాలు గీస్తరు. ఏం జెయ్యమంటవ్?”

అతను ఆమె కంచంలో కాస్త మజ్జిగ పోశాడు.

ఒకనాడు యాకయ్య భార్య పుష్పమ్మ వచ్చింది. ఆమె దగ్గర ఉన్నది వీడియోలు రాని మీటల ఫోను.

“అందరు చూసిండ్రట. నేనే చూడలే. షారోన్ చూపిస్తలేదు. నువ్వు చూపియ్యి బిడ్డా.”

సులోచన తను తీసిన అసలు వీడియో పెట్టింది. యాకయ్య తూము దగ్గర వంగగానే ఆపేసింది.

పుష్పమ్మ ఫోన్‌కు ముఖం దగ్గరగా పెట్టుకుంది. “మోకాలు నొప్పితోనే పోయిండు. సూడు, ఎట్ల కుంటుతుండో,” అంది. “మల్లొక్కపారి పెట్టు.”

మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే ఆపింది. అడిగినన్ని సార్లూ అంతే చేసింది. మిగతాది పుష్పమ్మ అడగలేదు.

“నేను పోయి చెప్తే ఇంటరా?”

అబద్ధం చెప్పే ఓపిక కూడా సులోచనకు లేదు. “ఇనరు చిన్నమ్మా.”

పుష్పమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అయితే ఇగ నువ్వు గుడ చెప్పకు. నువ్వు చెప్పినకొద్ది ఆయిన మల్ల మల్ల మునుగుడు చూస్తున్నరు.”

ఆ తర్వాత సులోచన ఎవరికీ జవాబివ్వలేదు. మహీధర్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొన్నాళ్లకు ఎక్కడో వంతెన కూలితే అతను దాని వీడియోల మీద పడ్డాడు. పాతవి మాత్రం తీసెయ్యలేదు, ఇప్పటికీ ఉన్నాయి. పుష్పమ్మ కొన్నాళ్లు కూతురి దగ్గరుండి, నాట్ల నాటికి తిరిగొచ్చి కూలికి పోతోంది. కట్టకు కొత్త మట్టి పోశారు.

దారాలకని తొర్రూరు బస్సెక్కితే, ఊరి పేరు వినగానే పక్క సీటువాళ్లు ఇటు తిరుగుతారు.

“గా చెరువు తెంపిన ఊరేనా మీది?”

“తెగింది,” అంటుంది సులోచన. ఆ ఒక్క మాట అని, కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్లు మూసుకుంటుంది.