గొర్లకాపరి నిలబడే తీరు

సైన్యం నుంచి రిటైరైనవాళ్లు సాధారణంగా బ్యాంకు ముందు సెక్యూరిటీగా నిలబడతారు. పదిహేడేళ్ల నౌకరీ తర్వాత నేను హైదరాబాదులో నాటకకళ కోర్సులో చేరాను. అక్కడా నిలబడడమే పని అని ఎవరూ చెప్పలేదు.

పరీక్ష నాటకంలో నాకు గొర్లకాపరి వేషం ఇచ్చారు. మాది రామన్నపేట దగ్గర గొర్లు కాసే ఇల్లు కనుక, ఇది న్యాయంగా నాకు రావలసిన వేషమే అనుకున్నాను. చేతికి కర్ర ఇచ్చి నిలబడమన్నారు. నిలబడ్డాను. నటన నేర్పే మేడం, నాకంటే చిన్నది, నా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"మీరు గొర్లను కాస్తున్నరా, సరిహద్దును కాస్తున్నరా?"

"గొర్లనే, మేడం."

"పాపం, అవి మెసలడానికే భయపడ్తున్నయ్. సోమవారం దాకా చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే వేషం ఇంకొకరికిస్త. మీరు తెర గుంజుండ్రి."

తెర గుంజితే నటనకు మార్కులు రావు. మార్కులు రాకపోతే కోర్సు అక్కడికి సరి. ఈ వయసులో రెండో నౌకరీ వెతుక్కోకుండా బాగోతాలు నేర్చుకుంటున్నాడని మా వాడకట్టంతా ఎటూ అనుకుంటోంది.

ఊరికి పోయాను. మా బాపు చెల్కలో మంద దగ్గర ఉన్నాడు. కర్ర చంక కింద, ఒక కాలు మడిచి రెండో మోకాలికి ఆనించి, ఒళ్లు ఎక్కడో మరిచిపోయినట్టు. నాకు కావలసింది సరిగ్గా అదే.

"బాపూ, నువ్వెట్ల నిలబడ్తవో జర చూపియ్యి."

"ఏంది?"

"నిలబడుడు. పరీక్షకు."

"నిలబడుడు గూడ సదువేనారా? మిలిట్రీల గదే నేర్పిండ్రంటివి గద?"

"గది వేరే నిలబడుడు."

బాపు చూపించబోయాడు. కాలు మడిచాడు, దించాడు. కర్రను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు.

"గిట్లనేనా? కాదు, ఆగు. నేను ఏ కాలు మడుస్తుంటిరా?"

అప్పుడే చూసిందే అయినా నాకూ గుర్తు రాలేదు. ఇద్దరం ఎదురెదురుగా కాళ్లు మారుస్తూ ఉంటే గొర్లు మేత ఆపి చూశాయి. ఆఖరికి బాపు చేతులు కిందికి చాచి, సావధాన్‌లో బిగుసుకుపోయాడు.

సోమవారం స్టేజీ ఎక్కేసరికి తలలో ఒక్కటీ మిగల్లేదు. కాలు మడిచాను, దించాను. కర్ర చంక మార్చాను. ఏ కాలో తేలలేదు.

"ఇగో, ఇప్పుడొచ్చిండు కాపరి!" అంది మేడం.

వేషం నాకే మిగిలింది. ఆమె చూసింది గొర్లకాపరినో, నేను గాబరా పెట్టిన మా బాపునో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు, మార్కులు వేసేసింది.

సాయంత్రం బాపుకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిగైంది గని కొడుకా, ఆ దినం సంది నాకు నిలబడ వస్తలేదు. కూసుండే కాస్తున్న."