నడుముకు కట్టుకున్న పాస్‌పోర్టు

ఆ హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆరుగురు ఆడవాళ్లలో పాస్‌పోర్టు ఇవ్వనిది ఆమె ఒక్కతే. ఆ పరాయి దేశంలో విమానం దిగిన రోజే సూపర్‌వైజరు అందరివీ తీసుకుని, జిరాక్సులు తీయించి, బీరువాలో పెట్టాడు. ఆమె మాత్రం "నాది ఎయిర్‌పోర్టులోనే ఏజెంటు మనిషి తీసుకున్నాడు సార్, పంపిస్తానన్నాడు" అని తడుముకోకుండా అబద్ధమాడేసింది. అతను నాలుగైదుసార్లు అడిగి, పని బాగా చేస్తుందిలే అని ఊరుకున్నాడు.

"ఎంత గడుసుదానివక్కా!" అని పక్క మంచం పిల్ల నోరు నొక్కుకుంది.

"మరేమనుకున్నావ్? అది వాళ్లకిస్తే మన జుట్టు వాళ్ల చేతికిచ్చినట్టే. మా చిన్నమ్మ కూతురు అలాగే ఏడేళ్లు ఇరుక్కుపోయింది."

పాస్‌పోర్టును గుడ్డసంచిలో పెట్టి కుట్టేసి, లంగా బొందుకు కట్టుకుంది. ఆవిరి మిషన్ల మధ్య పది గంటలు నిలబడితే ఒంటిమీద బట్ట పిండుకోవచ్చు. సంచి తడిసేది, ఆరేది, మళ్లీ తడిసేది. ఎవరి కంటనైనా పడుతుందని మూడేళ్లూ విప్పనే లేదు. చేత్తో తడిమితే గట్టిగా తగిలేది. ఆ మాత్రానికే గుండె కుదుటపడేది.

హోటల్ మూతపడింది. సూపర్‌వైజరు బీరువా తెరిచి ఎవరివి వాళ్లకు ఇచ్చేసి, టికెట్లు చేతిలో పెట్టాడు. ఆమె స్నానాలగదిలోకి వెళ్లి కుట్లు విప్పింది. అట్ట ఊడి చేతికొచ్చింది. పేజీలు ముద్దకట్టుకుపోయాయి. ఫొటో ఉన్నచోట బూడిదరంగు మచ్చ ఒకటి మిగిలింది. అక్షరం ఆనవాలు లేదు.

మిగతా ఐదుగురూ ఆమెను పట్టుకుని ఏడ్చి, విమానమెక్కారు.

ఎంబసీకి వెళితే గుమాస్తా పాస్‌పోర్టు నంబరు అడిగాడు. చదువురాని మనిషి, ఏం చెబుతుంది? "కంపెనీలో జిరాక్సు ఉంటుందిగా, తీసుకురామ్మా" అన్నాడు.

సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. "అందరివీ ఉన్నాయమ్మా. నువ్వు ఇస్తేగా! వీసా కాగితాలన్నీ ఆ ఏజెంటే చూసుకున్నాడు."

తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

తన పేరు, ఊరు చెప్పి వెతికించుకుంది. ఆ వివరాలతో పాస్‌పోర్టే లేదని జవాబొచ్చింది. ఏజెంటు తొందరలో ఏ పేరు రాయించాడో, ఎవరి చిరునామా ఇచ్చాడో! వాడి ఫోను ఎప్పుడో మూగబోయింది.

"ఎప్పుడొస్తున్నావ్?" అని భర్త మొదట్లో రోజూ ఫోనులో అడిగేవాడు.

"కాగితాలు రావాలంటయ్యా."

ఇప్పుడు అడగడం మానేశాడు. పిల్లల చదువుల సంగతి చెప్పి ఫోను పెట్టేస్తాడు.

ఆమె ఇళ్లలో దొంగచాటుగా బట్టలు ఇస్త్రీ చేస్తూ, ప్రతి సోమవారం ఎంబసీకి పోతుంది. గేటు దగ్గర కాపలాదారు దూరం నుంచే తల అడ్డంగా ఊపుతాడు. అయినా లోపలికెళ్లి, కాసేపు బెంచీ మీద కూర్చుని వస్తుంది.