సీసాలోని పెన్సిల్ చీటీలు

షామీర్‌పేటలోని మా ల్యాబ్‌లో నా పని డీఎన్ఏ తీయడం. వినడానికి గొప్పగా ఉంటుంది. చూడడానికి మా అమ్మ పచ్చడి నూరినట్టే ఉంటుంది. ఆమెకు మాత్రం ఎవరూ తెల్లకోటు ఇవ్వలేదు.

ఒకసారి కెన్యా నుంచి పార్సిల్ వచ్చింది. అక్కడి అడవి చెట్ల ఆకులు, వాటిని తినే పురుగులు. ఏ చెట్టును ఏ పురుగు తింటుందో జత కలిపి, రెండింటి జీనోమూ చదవాలి. ఆకులు కవర్లలో ఉన్నాయి. పురుగులు స్పిరిట్ పోసిన చిన్న సీసాల్లో. ప్రతి సీసాలోనూ పురుగు పక్కనే, చెట్టు పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ మునిగి ఉంది. వానాకాలమంతా తిరిగి వాటిని ఏరింది అక్కడి ఒక పెద్దాయన.

నాకా చీటీలు చెత్తలా కనిపించాయి. ఆ పేర్లే మూతల మీద మార్కర్‌తో అందంగా రాసి, వాటిని తీసి పారేశాను. వారం తిరిగేసరికి ఒక మూత కారింది. ట్రేలో పడుకోబెట్టిన సీసాలన్నిటి మీదా నా అందం తుడిచిపెట్టుకుపోయింది. స్పిరిట్ మార్కర్‌ను చెరిపేస్తుంది, పెన్సిల్‌ను ముట్టుకోదు. ఈ సంగతి మాకు మొదటిరోజే చెప్పారట. ఆ రోజు నేను పక్కవాణ్ణి నవ్విస్తున్నాను.

ల్యాబ్ నడిపే మేడం చెట్ల పేర్లేవని అడిగారు.

"ఆయన రాత మనుషులకు అర్థం కాదు మేడం. మందుల షాపువాణ్ణి పిలవాలి," అన్నాను.

అందరూ నవ్వారు. చీటీలు చూపించమని ఎవరూ అనలేదు. నవ్వినవాళ్లు సాక్ష్యం అడగరు. రాత అర్థం కాలేదు, మళ్లీ పంపమని ఆయనకు మెయిల్ వెళ్లింది.

మా గాజుసామాన్లు కడిగే అక్కది గౌడవెల్లి. చెత్తడబ్బా ఎత్తింది ఆమే. సింకు దగ్గర, నా మొహం చూడకుండానే అంది:

"గా చీటీలు మంచిగనే ఉండె గద తమ్మీ. నాకు సదువు రాదు గానీ, అచ్చరాలు ముత్యాల లెక్క ఉండె."

నేను కడిగిన బీకర్లు లెక్కపెట్టే పనిలో పడ్డాను.

"మస్తు నవ్విస్తవ్ లే. ఇగ గా పెద్దమనిషి మల్ల అడవులు పట్టి తిర్గాలె."

తిరిగాడు. మరుసటి వానలయ్యాక రెండో పార్సిల్ వచ్చింది. సీసాకు రెండేసి చీటీలు. ఒక్కో అక్షరం విడివిడిగా, కాగితం చిరిగేంత ఒత్తి రాసి ఉంది. పైన చిన్న ఉత్తరం: వయసు మీద పడి చెయ్యి వణుకుతున్నట్టుంది, తనకు తెలియలేదు, క్షమించమని.

ఆ ఉత్తరం తీసుకుని నేరుగా మేడం గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె అరవలేదు. ఆయనకు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. మొదలుపెట్టడానికి ఒక చమత్కారం సిద్ధం చేసుకున్నాను గానీ, దాన్ని వదిలేశాను. చీటీలు పారేసింది నేనేనని, అబద్ధం చెప్పింది కూడా నేనేనని, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను.

ఆయన అంతా విన్నారు. తర్వాత ఒక్కటే అడిగారు.

"అయితే మొదటి చీటీల్లో నా రాత అర్థమైందా?"

"అయింది సార్. ప్రతి అక్షరమూ."

థాంక్స్ అన్నారు. నాకు.