బావకి ఫ్రెంచి పాఠాలు

ఖరగ్‌పూర్ రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నాకు ఉద్యోగం దొరికిన ఏడాదే మా లైనుకి కరెంటు ఇంజన్లు వస్తాయన్నారు. డ్యూటీలో ఉన్నంతసేపూ చేతిలో ఫోనే. దిగాక అక్కావాళ్ల క్వార్టర్లో తిండి, పడక. కలకత్తాలో పెరిగిన నాకు ఆ ఇంట్లో చిరాకు తెప్పించేది ఒకటే. మొగుడూ పెళ్లాలు అరుచుకుంటూ మాట్లాడతారు. బావ పని చేసే రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ షాపు వాళ్ల ఇళ్లన్నీ అంతే. రోజంతా రివెట్ల మీద సుత్తి మోత. షాపులో సైగలు, ఇంట్లో కేకలు.

కొత్త ఇంజన్ల పని నేర్చుకోడానికి కొందరిని ఫ్రాన్సుకి పంపుతారని, నాలుగు ముక్కలు ఫ్రెంచి వచ్చినవాళ్లవైపే మొగ్గు చూపుతారని తెలిసి బావ పేరిచ్చాడు.

"ఎల్లొస్తే కరెంటు షెడ్డుకి ఏస్తార్రా. ఈ మోతలోంచి బయటపడతాను" అన్నాడు. అంతకుమించి ఆయనకి ఏ ఆశా లేదు.

హిజ్లీ ఐ.ఐ.టి.లో చదువుకునే ఒక బెంగాలీ దాదా దగ్గర ఫ్రెంచి పాఠాల గ్రామఫోన్ రికార్డులు అడిగి తెచ్చాను. రికార్డు ఒక మాట చెప్పి ఆగుతుంది. ఆ ఖాళీలో మనం తిరిగి చెప్పాలి. బావ ఆ ఖాళీలో నోరు విప్పడు. నేను చెప్తే మాత్రం చక్కగా అంటాడు.

"రికార్డు వినమంటే నా మొహం సూస్తావేటి బావా?"

"ఆ పెట్టికి మొహం నేదు కదరా. నీకే ఉంది. అదీ అంతంతమాత్రం."

ఒక సాయంత్రం కీ అయిపోయి రికార్డులోని ఆడగొంతు ఎద్దు రంకెలా సాగి ఆగిపోయింది. బావ ఇంకా తలాడిస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. రికార్డు తీసి గోడకేసి కొట్టబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆయనకి వీపు తిప్పి, ఆ ఇంట్లో మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

"ఆయనకి ఇనపడదురా. ఎవులికీ సెప్పకు. తెలిస్తే డాక్టరు కాడికి అంపుతారు. ఉన్న పనీ పోతాది."

ఆ తర్వాత రికార్డు నేను వినేవాణ్ణి. విని, బావ ఎదురుగా కూర్చుని, పెదాలు సాగదీసి చెప్పేవాణ్ణి. పేరు, ఊరు, స్టేషన్‌కి దారి, రొట్టె, మంచినీళ్లు. ఆ వరుసంతా ఆయనకి నోటికొచ్చేసింది. పరీక్ష చేసేవాడు ఎదురుగా కూర్చుంటాడు, వాడి నోరు చూసి బావ గట్టెక్కేస్తాడు అనుకున్నాం.

పరీక్ష ఫోన్లో అన్నారు.

కలకత్తా నుంచి ఫ్రెంచి ఇంజనీరు చేసిన ట్రంక్ కాల్ ఎక్స్ఛేంజిలో నా స్విచ్‌బోర్డు మీదికే వచ్చింది. షాపు ఆఫీసులో ఉన్న బావకి కలిపి, వింటూ కూర్చున్నాను. పేరడిగాడు. బావ పేరే చెప్పాడు. ఏం పని చేస్తావని అడిగాడు. బావ ఊరు చెప్పాడు. ఇంజనీరు ఆగమన్నాడు. బావ స్టేషన్‌కి దారి అడిగాడు, ఆగకుండా, షాపులో అరిచినట్టే అరుస్తూ.

ప్లగ్గు లాగేశాను. ట్రంక్ లైన్లు తెగడం మామూలే, ఎవరికీ అనుమానం రాదు.

"కీ హోలో?" ఏమైందంటూ సూపర్‌వైజర్ నా వెనక్కి వచ్చాడు.

"లైను తెగింది దాదా."

"మళ్లీ కలుపు."

"కలవటం లేదు!" అని గయ్యిమన్నాను.

ఆయన నా చేతిలో ప్లగ్గు చూశాడు. అది తీసుకుని తనే కలిపాడు.

బావ మళ్లీ పేరు దగ్గర్నుంచి మొదలెట్టాడు. ఊరు దాటకుండానే ఇంజనీరు ఫోన్ పెట్టేశాడు. ఆ సంగతి బావకి తెలీదు. దారి అడిగాడు, రొట్టె అడిగాడు, మంచినీళ్లు అడిగాడు. చివర్లో "థాంక్యూ సార్" అన్నాడు, ఎవరూ లేని లైనుకి.

ఇంటికెళ్లేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏటన్నాడ్రా దొర?"

"ఇంకొకర్ని తీసుకుంటారంట బావా."

"నాను తప్పు సెప్పినానా?"

"నేదు. ఒక్క ముక్కా తప్పు పోనేదు."

మర్నాడు సైరన్ కూసేసరికి ఎప్పట్లాగే బాయిలర్ షాపు గేటు దగ్గరున్నాడు. డాక్టరు రమ్మంటున్నాడన్న కబురు ఆయనకి అక్కడే అందింది.